ఊరికే చూసొచ్చాం

తెలుగు యాత్రారచనల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది. మకావు అధ్యాయంలో ఉంటుంది, లాస్ వేగస్ అధ్యాయంలో ఉంటుంది, జెంటింగ్ హైలాండ్స్ గురించి రాసినా ఉంటుంది. మాటలు కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ సారం ఒకటే: "మేం ఆడలేదు, ఊరికే చూసొచ్చాం." కొందరు దీన్ని అధ్యాయం మొదట్లోనే చెప్పేసి ఊపిరి పీల్చుకుంటారు. కొందరు చివరిదాకా దాచి, "ఆ మాయలో పడకుండా బయటపడ్డాం" అని ముగిస్తారు. ఒకరిద్దరు మాత్రం పది డాలర్లు మెషీన్లో వేశామని, పోయాయని నవ్వుతూ రాస్తారు. ఆ నవ్వు కూడా ఆ వాక్యానికి తమ్ముడే.

నాకు ఈ వాక్యంతో పేచీ ఉంది. అబద్ధమని కాదు. చాలామంది నిజంగానే ఆడి ఉండరు. పేచీ ఎక్కడంటే, ఆ వాక్యం రాశాక రచయిత ఇక చూడటం కూడా మానేస్తాడు. ఆడలేదు కాబట్టి తనకి సంబంధం లేదు, సంబంధం లేదు కాబట్టి వర్ణన చాలు. ఇక మొదలవుతాయి దీపాలు.

మకావు అధ్యాయం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. హాంకాంగ్ నుంచి ఫెర్రీలో గంట ప్రయాణం. 2018 తర్వాత వెళ్ళినవాళ్ళయితే సముద్రం మీద 55 కిలోమీటర్ల వంతెన, దాని మీద బస్సు. రేవు దగ్గర క్యాసినోల ఉచిత బస్సులు. సెనాడో చౌకు, అలలు అలలుగా పరిచిన నలుపు తెలుపు రాళ్ళు, సెయింట్ పాల్స్ చర్చి ముందు గోడ (1835లో మిగతాదంతా కాలిపోయి ఆ ఒక్క గోడే నిలిచింది), ఎగ్ టార్టు. తర్వాత వెనీషియన్: పైకప్పు మీద గీసిన ఆకాశం, కింద కాలువ, కాలువలో పడవ, పడవవాడి పాట. "పగలో రాత్రో తెలియలేదు" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. ఆ తర్వాత మన వాక్యం. సాయంత్రం ఫెర్రీ. మొత్తం ఐదారు పేజీలు. హాంకాంగ్‌కి నలభై, మకావుకి ఆరు. ఒక్కరోజు యాత్ర కదా అంటారు.

ఒక్కరోజు అనేది సాకు కాదని చెప్పడానికి మనకి ఒక పాత పుస్తకం ఉంది. క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయడిదా, శ్రీనాథుడిదా అన్న తగాదా పండితులకి వదిలేద్దాం. అందులో జరిగేది ఇదే: ఇద్దరు స్నేహితులు, మంచనశర్మా టిట్టిభసెట్టీ, ఒక్కరోజులో ఓరుగల్లు తిరిగి చూస్తారు. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, పలనాటి వీరుల కథ పాడేవాళ్ళు, వేశ్యవాటిక. ఒక రూకకి ఎలాంటి భోజనం దొరుకుతుందో కూడా అందులో ఉంది. కాకతీయుల రాజధానిని మనం ఈరోజు ఊహించుకోగలుగుతున్నామంటే దానికి శాసనాలతో పాటు ఈ ఇద్దరు తిరుగుబోతులూ కారణమే.

వాళ్ళెక్కడా "మేం పందెం కాయలేదు" అని సంజాయిషీ ఇవ్వరు. ఎవరికి ఇవ్వాలి? ఊరు చూడటానికి వచ్చారు, చూస్తున్నారు, రుచి చూస్తున్నారు, ధరలు అడుగుతున్నారు. వాళ్ళ కంటికి అంత పదును ఉండటానికి కారణం ఆ సిగ్గు లేకపోవడమే అని నా అనుమానం. మన కాలపు యాత్రికుడికి ఎప్పుడూ భుజం మీద నుంచి ఎవరో తొంగి చూస్తుంటారు. పుస్తకం చదవబోయే బావగారు, పిల్లనిచ్చిన మామగారు, రిటైరయిన హెడ్మాస్టరుగారు. వీళ్ళందరి వెనకా జూదంలో ఆలిని ఒడ్డిన ధర్మరాజు. నన్నయ సభాపర్వం చదవనివాళ్ళకి కూడా ఆ సభ తెలుసు. మాయాబజార్‌లో సీఎస్సార్ పాచికలు పట్టుకున్న తీరూ తెలుసు. కాబట్టి క్యాసినో గుమ్మం దగ్గర తెలుగువాడు యాత్రికుడిగా లోపలికెళ్ళి, సాక్షిగా బయటికొస్తాడు. మధ్యలో ఏం చూశాడో చెప్పడు.

నేను వెళ్ళినప్పుడు ఈ విషయమే మనసులో పెట్టుకుని వెళ్ళాను. ఆడే హాల్లో ఫోటోలు తీయనివ్వరు కాబట్టి, జేబులో చిన్న నోటుబుక్కు. ముందు నన్ను ఆపిన విషయం: ఆ హాలు నిశ్శబ్దంగా ఉంది. మనం సినిమాల్లో చూసే షాంపేనూ, చప్పట్లూ, గౌన్లూ ఏవీ లేవు. జిప్ జాకెట్లు వేసుకున్న మధ్యవయసు మనుషులు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. బల్లలు ఎక్కువభాగం ఒకే ఆటవి, బకారా. నియమం చాలా చిన్నది. రెండు వైపులుంటాయి, ఒకటి ప్లేయర్, ఒకటి బ్యాంకర్. రెండు వైపులా ముక్కలు పడతాయి. తొమ్మిదికి దగ్గరగా వచ్చిన వైపు గెలుపు. ఆడేవాడు చేసే పనల్లా ఏదో ఒక వైపు డబ్బు పెట్టడం. బ్యాంకర్ వైపు పెట్టి గెలిస్తే నూటికి ఐదు ఇంటివాడు పట్టుకుంటాడు. అది పోగా లెక్కేస్తే, పందెం కాసిన ప్రతి వందకీ సగటున రూపాయి చిల్లర ఇంటికి మిగులుతుంది. ఒక రూపాయే! ఆ వెనీషియన్ ఆకాశం, ఆ కాలువ, ఉచిత బస్సులు, అన్నీ ఆ రూపాయి చిల్లరల మీద లేచినవే.

నేను యంత్రం ముందు కూర్చుని ఐదొందల హాంకాంగ్ డాలర్లు పెట్టాను. నలభై నిమిషాల్లో నాలుగొందలు పోయాయి. లెక్క రాసుకున్నాను. టికెట్టు అనుకోండి.

తిరిగొచ్చాక ఆత్మకూరులో మా మామకి ఇదంతా వివరించాను. ఆయన మొత్తం విని, "ఇది లోపలా బయటా కదప్పా! దీనికి ఇమానమెక్కి పోవల్లనా?" అన్నాడు.

నేను చదివిన మకావు అధ్యాయాలన్నిటికన్నా ఆ ఒక్క మాట మంచి విమర్శ. నిజమే, అందర్ బాహర్‌కీ బకారాకీ ముక్కలు పంచే తీరులో తేడా ఉందేమో గానీ, ఆడేవాడికి చేయడానికి ఏమీ లేకపోవడంలో రెండూ ఒకటే. రాయలసీమలో ఆ ఆట చింతతోపుల్లో, పంపుసెట్టు గదుల్లో నడుస్తుంది. పోలీసులొస్తే పరిగెత్తాలి. అక్కడ పాలరాయి పరిచారు. మన రచయితలకి పాలరాయి కనిపించింది, ఆట కనిపించలేదు. తెలియనిదైతే వర్ణించొచ్చు, తెలిసినదాన్ని తెలియనట్టు వర్ణించడమే నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి ఏనుగుల వీరాస్వామయ్య గురించి చెప్పకుండా ఉండలేను. మద్రాసు సుప్రీంకోర్టులో తర్జుమాదారు. 1830 మే 18న బయల్దేరి, పదిహేను నెలల పైచిలుకు తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన శ్రీశైలం వెళ్ళింది ఆత్మకూరు మీదుగానే. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు నాగలూటి, పెద్దచెరువు మీదుగా నడిచే అడవిదారి ఉంది చూశారూ, ఆ దారే. ఆయన భక్తుడు, అందులో సందేహం లేదు. కానీ కోర్టు మనిషి. ప్రతి మజిలీలో నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళు ఎన్ని, కూలి ఎంత, సుంకం ఎవరు పుచ్చుకుంటారు అని రాస్తాడు. శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు నవాబు డబ్బు వసూలు చేయడం, గుడిని మాత్రం పట్టించుకోకపోవడం ఆయన కంటికి ఆనింది. మల్లికార్జునుడికి దండం పెట్టుకున్న చేత్తోనే ఆ లెక్క రాశాడు.

ఈ రెండు పనులూ కలిపి చేయగల మనిషి మకావు వెళ్ళి ఉంటే ఏం రాసేవాడు? ముందు, డబ్బు ఎవరిది, ఎవరికి పోతోంది అని అడిగి ఉండేవాడు. 1962 నుంచి నలభై ఏళ్ళు ఆ ఊళ్ళో జూదం హక్కు మొత్తం స్టాన్లీ హో కంపెనీ ఒక్కదానిదే. పోర్చుగీసువాళ్ళు 1999 డిసెంబరులో ఊరిని చైనాకి అప్పగించి వెళ్ళాక, 2002లో ఆ గుత్తాధిపత్యం పోయి అమెరికా కంపెనీలకి కూడా తలుపులు తెరుచుకున్నాయి. 2013లో అక్కడి క్యాసినోల ఆదాయం సుమారు 4,500 కోట్ల డాలర్లు. లాస్ వేగస్ స్ట్రిప్ ఆదాయానికి దాదాపు ఏడు రెట్లు. ప్రభుత్వ ఖజానాకి ప్రధానమైన రాబడి ఆ పన్నే. 2008 నుంచి అందులోంచి పౌరులకి ఏటా కొంత నగదు కూడా పంచుతున్నారు.

ఇక్కడే నాకు అసలు కథ ఉందనిపిస్తుంది. బల్ల దగ్గర ముక్కలు పంచే ఉద్యోగం మకావు స్థానికులకే ఇస్తారు. కానీ 2019 డిసెంబరు నుంచి క్యాసినో ఉద్యోగులు డ్యూటీ అయిపోయాక ఏ క్యాసినోలోనూ అడుగు పెట్టకూడదు, చైనా కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులు తప్ప. ప్రభుత్వోద్యోగులకి అంతకుముందు నుంచే నిషేధం. సింగపూర్‌లో అయితే పౌరుడు క్యాసినోలోకి వెళ్ళాలంటే రోజుకి 150 డాలర్లు కట్టాలి, మనలాంటి విదేశీయుడికి ఉచితం. ఇంత దూరం ఎందుకు, గోవా చూడండి. మాండవి నదిలో ఓడల మీద జూదం. ఆ ఓడలెక్కేవాళ్ళలో మనవాళ్ళెంతమందో వీకెండ్ బస్సులకి తెలుసు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికులు మాత్రం ఆడటానికి వీల్లేదు. మకావూ గోవా రెండూ పోర్చుగీసు ఊళ్ళే కావడం యాదృచ్ఛికమేమో గానీ, ఈ సూత్రం యాదృచ్ఛికం కాదు. ఇది చెడ్డది అని ఆ ప్రభుత్వాలకి బాగా తెలుసు. అందుకే తమవాళ్ళని గుమ్మం దగ్గర ఆపి, మనల్ని "రండి" అంటాయి. "ఊరికే చూసొచ్చాం" అని రాసే రచయిత ఆ గుమ్మం దాటే వెళ్ళాడు. తనకి ఎందుకు ఉచితమో అడగలేదు.

దీనికో సమాధానం వస్తుందని తెలుసు. యాత్రారచన సరదా కోసం, ఆర్థికశాస్త్రం కోసం కాదు అని. ఒప్పుకోను. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట సాగే రంగం గుర్తు చేసుకోండి. అంతకన్నా సరదా ఏముంది? పోలిశెట్టి పేకముక్కల దగ్గర పడే యాతన చూసి నవ్వలేక చస్తాం. బల్ల మీద ఉన్నది చిల్లర డబ్బే. కానీ ఎవడు ఎలా పట్టుకుంటాడు, ఎవడు తొండి చేస్తాడు, ఓడితే ఎవడి మొహం ఎలా మారుతుందో చూస్తుంటే, ఈ మనుషులే బయట ఆడపిల్లల్ని బేరం పెడుతున్నారన్నది మనకి మెల్లగా ఎక్కుతుంది. నవ్వూ లెక్కా ఒకే రంగంలో ఉన్నాయి. జూదం గురించి రాయడమంటే జూదగాడి మొహం చూడటం. మన మకావు అధ్యాయాల్లో మొహాలు లేవు. "జనం కిటకిటలాడుతున్నారు" ఉంటుంది, అంతే.

పాతికేళ్ళ క్రితమైతే ఈ లోటుని పట్టించుకోనక్కర్లేదు. క్యాసినో అంటే ఎక్కడో విదేశంలో దీపాల ఊరు, వెళ్ళేది కొందరే. ఇప్పుడలా కాదు. మా వీధిలో పాస్‌పోర్టు కూడా లేని ఒకాయన ఫోన్లో రమ్మీ ఆడి ఎకరంన్నర పొలం అమ్ముకున్నాడు. రమ్మీకి మన దేశంలో నైపుణ్యపు ఆట అన్న గౌరవం తెచ్చిపెట్టిన 1968 సుప్రీంకోర్టు తీర్పు కూడా సికింద్రాబాదు క్లబ్బు మీద కేసులోంచే పుట్టింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, మూడుముక్కలాట లాంటిది కాదు అన్నారు. ఎదురుగా మనుషులు కూర్చుని ఆడే రోజుల్లో ఆ మాట సబబే కావచ్చు. ఫోన్లో ఎదురుగా ఎవరున్నారు? 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. ఈలోగా ఆ పొలం పోయింది. "ఊరికే చూసొచ్చాం" అనే అవకాశం ఆ మనిషికి లేదు. అతను ఎక్కడికీ వెళ్ళలేదు, అదే ఇంటికొచ్చింది. ఆ ఇంటి గురించి కథ రాయాలనుకునే రచయితకి మకావు అధ్యాయాలు ఏ పనిముట్టూ ఇవ్వవు. క్రీడాభిరామం ఇస్తుంది, గురజాడ ఇస్తాడు, వీరాస్వామయ్య ఇస్తాడు. నిన్నగాక మొన్న అచ్చయిన రంగుల పుస్తకం ఇవ్వదు.

ఒక్కరోజులో ఏం చూడగలం అంటారా? పాత లిస్బోవా క్యాసినో తలుపు దగ్గర నిలబడి, దీపాలకి వీపు పెట్టి, వీధి వైపు చూడండి. వరసగా చిన్న చిన్న అంగళ్ళు. ప్రతిదాని మీదా ఒకటే చైనా అక్షరం, నియాన్‌లో. మా వైపు భాషలో కుదువ అంగళ్ళు. అద్దాల వెనక చేతిగడియారాలు, గొలుసులు, ఉంగరాలు, కొన్ని మరీ కొత్తవి, కొన్ని ఏళ్ళ తరబడి వేళ్ళకుండి అరిగినవి. నేను అక్కడ పదిహేను నిమిషాలు నిలబడ్డాను. ఫోటో తీస్తే ఎవరూ వద్దనలేదు. నేను చదివిన ఏ తెలుగు మకావు అధ్యాయంలోనూ ఆ అంగళ్ళు లేవు.