చెయ్యి మెత్తగుండాలె

మా పాలమూరు మక్తల్‌లో క్యారం తెలిసిన పెద్దలు కొత్తవాడి ఆట చూసేటప్పుడు కాయిన్ పడిందా లేదా అన్నది పట్టించుకోరు. అది పడ్డాక మిగిలినవి ఎటు జరిగాయో చూస్తారు. ఎదురుగా ఉన్న తెల్లను పాకెట్లో వేయడం ఎవరికైనా వస్తుంది. అదే దెబ్బతో స్ట్రైకర్ ముందుకు పోయి, గుంపులో ఇరుక్కున్న తన కాయిన్‌ను విడదీసి, ఎదుటివాడి నల్లకు దారి మూసి రావాలి. ఒక్క దెబ్బకు మూడు పనులు చేయించేవాడే ఆటగాడు.

దానికి బలం అక్కర్లేదు. స్ట్రైకర్ పదిహేను గ్రాముల దాకా ఉంటుంది, కాయిన్ అయిదు గ్రాములు దాటితే గొప్ప. మూడింతల బరువు తగిలితే కాయిన్ ఎలాగూ కదులుతుంది. గోరును స్ట్రైకర్‌కు దాదాపు ఆనేంత దగ్గర పెట్టి కొట్టాలి. తోయకూడదు, నియమం ఒప్పుకోదు. బేస్‌లైన్ వెనక పడ్డ కాయిన్ కోసం స్ట్రైకర్‌ను బొటనవేలితో వెనక్కి కొట్టొచ్చు. అదీ నియమమే. అయినా రీబౌండ్‌తో తీసేవాళ్ల పక్షమే నాది.

బస్టాండు దగ్గర దర్జీ పని చేసే ఒక పెద్దాయన ఆట చూసినవాళ్లు ఇంకోమాట అనరు. ఒకసారి ఆఖరి తెల్ల ఆయన వైపు ఫ్రేముకే అతుక్కుని ఉంది, కుడి పాకెట్‌కు జానెడు దూరంలో. ఆయన స్ట్రైకర్‌ను బేస్‌లైన్ ఎడమ కొసకు జరిపి, రెండు గీతలూ తాకేలా సర్ది, ఎదుటి ఫ్రేముకు కొట్టాడు. అది తగిలి, కుడివైపుకు వాలుతూ, జోరు తగ్గించుకుంటూ వెనక్కి వచ్చి తెల్లను పక్కనుంచి తాకింది. తెల్ల ఫ్రేమును రాసుకుంటూ పోయి పాకెట్లో పడింది, స్ట్రైకర్ అంచు దగ్గర ఆగింది. అది కూడా పడితే ఫౌల్! "జోరుతోని కాదు పిల్లగా, చెయ్యి మెత్తగుండాలె" అన్నాడు, అంతే.

ఈ ఆట మా ప్రాంతానికి బొంబాయి పనులకు పోయినవాళ్లతో వచ్చిందని పెద్దలు చెబుతారు. పాలమూరు వలసలు తెలిసినవాళ్లకు అది నమ్మదగ్గ మాటే. అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది మాత్రం 1988లో, చెన్నైలో. ఆ చెన్నై వాడే మరియా ఇరుదయం. రెండుసార్లు ప్రపంచ విజేత, క్యారంకు అర్జున అవార్డు తెచ్చిన మహానుభావుడు. ఆ స్థాయి ఆటగాళ్లు తొలి బ్రేక్‌లోనే తొమ్మిది తెల్లలూ రెడ్డూ వరసగా తీసేసి, అవతలివాడి చేతికి స్ట్రైకర్ అందకుండా చేయడాన్ని వైట్ స్లామ్ అంటారు. అది కళ్లారా చూసినవాడు జన్మలో మరచిపోడు. మన హైదరాబాద్ ఆడబిడ్డ ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. రంజీ ఆటగాళ్ల పేర్లన్నీ చెప్పే పిల్లలను అపూర్వ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. కడుపు మండుతుంది.

ఇక బోర్డు. ఆటస్థలం నలువైపులా 74 సెంటీమీటర్లు. మందపాటి ప్లై, గట్టి కర్ర ఫ్రేము ఉన్న పాత బోర్డు ఒకరు లేపలేనంత బరువుండేది. ఆ ఫ్రేముకు తగిలిన స్ట్రైకర్ లెక్క తప్పకుండా తిరిగొచ్చేది. పైన కిందికి వేలాడదీసిన బల్బు నీడ పడకుండా చేయడమే కాదు, వానాకాలంలో ప్లై చెమ్మ లాగకుండా వెచ్చగా ఉంచేది. ఎల్‌ఈడీలతో వెలుగు వచ్చింది, ఆ వేడి పోయింది.

ఇప్పుడు జాతరల్లో, ప్లాస్టిక్ సామాను దుకాణాల ముందు వేలాడేవి బోర్డులా? అట్టకన్నా కాస్త నయమైన రేకులవి. నెల తిరగకముందే నడుమ కుంగిపోతుంది, నెమ్మదిగా వదిలిన కాయిన్ గుంటలోకి వంకర పోతుంది. అందుకే పిల్లలు బలంగా కొట్టడం నేర్చుకుంటారు, చెయ్యి చెడుతుంది. ఫోన్లో ఆట దానికన్నా ద్రోహం: కాయిన్ ఎటు పోతుందో గీత గీసి చూపిస్తుంది! ఆ గీతను మనసులో గీసుకోవడానికే కదా మావాళ్లు ఏళ్ల తరబడి బోర్డు ముందు కూర్చున్నది.

ఊళ్లో యువజన సంఘాలున్నాయి, బడులున్నాయి, గ్రంథాలయం ఉంది. క్రికెట్ కిట్లకు దొరికే చందాలో కొంత తీసి ఒక్కో మంచి బోర్డు కొనండి. కొన్నాక గోడకు ఆనించి పెట్టకండి, వంగిపోతుంది. చదునుగా పడుకోబెట్టి గుడ్డ కప్పండి. పౌడర్ చిటికెడు చాలు. నేర్పేవాళ్లను వెతకాల్సిన పనిలేదు, ఆ దర్జీ లాంటివాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి, ఎదుట పదేళ్ల పిల్లలను కూర్చోబెట్టండి, ఆడపిల్లలను ముందుగా.