వెలివాడ నుంచి వచ్చిన ప్రశ్న: స్వమతవిమర్శ పాపమా? - బోయి భీమన్న, బి. విజయభారతి రచనల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తాను పుట్టిన మతసమాజాన్ని ప్రశ్నించడం పాపమన్న భావన లోకంలో బలంగా ఉంది. ఈ భావనకు శాస్త్ర, ఇతిహాసాలలో ఉన్న ఆధారమేమిటో, ఆ ఆధారం ఎవరికి వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోనసీమకు చెందిన బోయి భీమన్న, ఆయన కుమార్తె బి. విజయభారతి రచనలలో కనిపించే రెండు విమర్శమార్గాలను పోల్చి, వాటిలో ఒకదానిని సమాజం మన్నించగలగడానికి, రెండవదానిని మన్నించలేకపోవడానికి గల కారణాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: స్వమతవిమర్శ, వెలి, ఆర్తి, అరుంధతి, బోయి భీమన్న, బి. విజయభారతి, అంబేద్కర్

1. ఉపోద్ఘాతం

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో బోయి భీమన్న ‘రాగవాసిష్ఠం’ నాటకాన్ని పరిచయం చేస్తున్నప్పుడు ఒక విద్యార్థిని లేచి, “సార్, మన పురాణాలను మనమే ఇలా అడగడం పాపం కాదా?” అని అడిగింది. ఆమె గొంతులో ధిక్కారం లేదు, భయం ఉంది. “ప్రశ్నించడం జ్ఞానమార్గమమ్మా” అని నేను చెప్పిన సమాధానం తరగతికి సరిపోయింది గాని నాకు సరిపోలేదు. ఆమె వాక్యంలో ‘మన’ అన్న మాట రెండుసార్లు వచ్చింది. పాపమా కాదా అన్న విచారణకు ముందు ఆ ‘మన’లో ఎవరెవరు ఉన్నారన్న విచారణ జరగాలి. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

2. శాస్త్రంలో ప్రశ్న స్థానం

హిందూ ధర్మశాస్త్రం ప్రశ్నను నిషేధించిందనే వారూ, ప్రోత్సహించిందనే వారూ ఒకే గ్రంథం నుంచి ఆధారాలు చూపగలరు. మనుస్మృతి రెండవ అధ్యాయం తర్కాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను అవమానించిన ద్విజుణ్ణి నాస్తికుడిగా, వేదనిందకుడిగా పేర్కొని సాధువులు బహిష్కరించాలంటుంది. పదకొండవ అధ్యాయం వేదనిందను సురాపానంతో సమానమైన పాతకాలలో చేర్చింది. పన్నెండవ అధ్యాయం మాత్రం వేదశాస్త్రాలకు విరోధం కాని తర్కంతో విచారించినవాడే ధర్మాన్ని ఎరుగునని చెబుతుంది. అంటే తర్కానికి అనుమతి ఉంది, కాని తర్కం ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయమై ఉంది.

ఇక్కడ గమనించవలసిన మాట ‘ద్విజుడు’. బహిష్కారం లోపల ఉన్నవాడికి వేసే శిక్ష. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం వెలిని ఎదుర్కొన్నారు. ఆయన లోపలివాడు గనుకనే ఆయనను వెలివేయడం సాధ్యమయింది. వెలివాడలోనే పుట్టినవారికి వెలి అన్న శిక్ష ఎలా వర్తిస్తుంది? ఊరి బావి దగ్గర, గుడి గడప దగ్గర బయటివారుగా లెక్కించిన మనుషులను ప్రశ్న అడిగినప్పుడు మాత్రం లోపలివారుగా లెక్కించి, స్వమతాన్ని నిందించిన పాపం అంటగట్టడంలో ఉన్న వైరుధ్యం ఇది. హక్కులు పంచుకునే వేళ లేని సభ్యత్వం పాపం పంచే వేళ పుట్టుకొస్తుంది.

3. ఆర్తి అనే మినహాయింపు

ఇతిహాసం ఈ విషయంలో శాస్త్రం కంటె ఉదారంగా కనిపిస్తుంది. వ్యాసభారతం వనపర్వంలో ద్రౌపది విధాత న్యాయాన్నే ప్రశ్నిస్తుంది. ధర్మం తప్పని భర్త అడవిలో ఉండగా అధర్మపరుడు రాజ్యమేలడం ఏమి ధర్మమన్నది ఆమె వాదంలోని సారం. ధర్మరాజు ఆ మాటలను నాస్తికవాదంగా గుర్తించి, ధర్మాన్ని శంకించినవాడికి ప్రాయశ్చిత్తం లేదని హెచ్చరిస్తాడు. దానికి ద్రౌపది తాను ధర్మాన్ని నిందించడం లేదని, ఆర్తురాలనై ప్రలపిస్తున్నానని బదులిస్తుంది.

ఈ సంవాదంలో నిందకూ ఆర్తప్రశ్నకూ నడుమ ఒక గీత ఏర్పడింది. బాధపడినవారి ప్రశ్న పాపం కాదని ఇతిహాసం ఒప్పుకుంది. ఈ ఒప్పుకోలుకు ఒక షరతు ఉంది. అడిగినవారు చివరకు తమ ప్రశ్నను ప్రలాపమని తామే తగ్గించుకోవాలి. ద్రౌపది అడిగినదానికి సమాధానం రాలేదు. ఆమెకు మన్నింపు దొరికింది. మన్నింపు ఉన్నచోట న్యాయపీఠం పాతవారిదిగానే మిగులుతుంది.

4. భీమన్న మార్గం: వాటా అడగడం

బోయి భీమన్న 1911లో నేటి కోనసీమలోని మామిడికుదురులో జన్మించారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ‘పాలేరు’ నాటకంలో చదువు ద్వారా విముక్తిని చూపిన ఆయన, ‘రాగవాసిష్ఠం’లో అరుంధతీ వసిష్ఠుల కథను ఎత్తుకున్నారు.

తెలుగునాట పెళ్ళిలో పురోహితుడు కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపిస్తాడు. ఆ అరుంధతి పేరునే తమ కులనామంగా చెప్పుకునే అరుంధతీయులు ఊరి చివర ఉంటారు. ఆకాశంలో పూజనీయమైన పేరు నేలమీద అంటరానిది కావడమే ఈ నాటకం వెనుక నిలిచిన ప్రశ్న. ఇది బయటి నుంచి తెచ్చిపెట్టిన ప్రశ్న కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమే వసిష్ఠుని భార్య అక్షమాలను అధమయోనిజగా పేర్కొంది. అరుంధతికే అక్షమాల అన్న పేరున్నదని సంప్రదాయం. అయితే నది సముద్రంలో కలిసి దాని గుణం పొందినట్లు భార్య భర్త గుణాన్ని పొందుతుందని చెప్పడానికి మనువు ఆమెను ఉదాహరణ చేశాడు. అక్కడ ఔన్నత్యం వసిష్ఠునిది, ఆమెది కాదు. భీమన్న అదే కథను అరుంధతి వైపు నుంచి చూశారు. వాల్మీకి, వ్యాసుడు, అరుంధతి వంటివారి పుట్టుకలను గుర్తుచేస్తూ ఈ సంస్కృతి నిర్మాణంలో దళితులకు వాటా ఉందనడం ఆయన దృక్పథం. వారసత్వాన్ని వదులుకోకుండా లెక్క సరిచేయమనడం ఈ విమర్శ స్వభావం. దీనిని సమాజం కొంత సణిగి అయినా స్వీకరించింది. ఆయనకు పద్మశ్రీ, పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి.

ఆ భీమన్నే అంబేద్కర్ ‘కులనిర్మూలన’ను తెలుగు చేశారు. ఆ పుస్తకం పుట్టుక స్వమతవిమర్శ చరిత్రలో ఒక ఘట్టం. లాహోరుకు చెందిన జాత్-పాత్ తోడక్ మండల్ అన్న కులనిర్మూలన సంఘం 1936లో అంబేద్కర్‌ను తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. ప్రసంగపాఠంలో వేదశాస్త్రాల ప్రామాణ్యాన్ని ప్రశ్నించిన భాగాలు వారికి మింగుడుపడక సభే రద్దయింది. అంబేద్కర్ దానిని సొంత ఖర్చుతో అచ్చువేశారు. కులాన్ని విమర్శించవచ్చు, కులానికి ఆధారమైన గ్రంథాన్ని విమర్శించరాదన్నది సంస్కర్తలు సైతం గీసుకున్న హద్దు. పైన చెప్పిన మనుశ్లోకాన్ని చూపి, శాస్త్రంలో స్వేచ్ఛాతర్కానికి చోటు లేదని అంబేద్కర్ వాదించింది ఈ పుస్తకంలోనే.

5. విజయభారతి మార్గం: మన్నింపును నిరాకరించడం

భీమన్న కుమార్తె బి. విజయభారతి తెలుగు పరిశోధకురాలు, అంబేద్కర్, ఫూలేల జీవితచరిత్రల రచయిత్రి, కోనసీమలోని కందికుప్పలో జన్మించిన న్యాయవాది, కవి బొజ్జా తారకం సహచరి. ఆమె ‘సత్యహరిశ్చంద్రుడు’, ‘దశావతారాలు’, ‘వ్యవస్థను కాపాడిన రాముడు’ వంటి రచనలలో పురాణాలను కులవ్యవస్థతో ముడిపెట్టి చదివారు. శీర్షికలలోనే దృక్కోణం స్పష్టమవుతుంది. రాముడు కాపాడినది ధర్మమా, ఒక వ్యవస్థనా అని అడిగిన తరువాత పాఠకుడు వెనుకటి చోటుకు తిరిగి వెళ్ళలేడు.

హరిశ్చంద్రుని ఉదాహరణే తీసుకుందాం. గోదావరి జిల్లాల ఊళ్ళలో కాటిసీను పద్యాలు రాత్రంతా విన్న తరాలు ఉన్నాయి. ఆ సీనులో పాడే జాషువా పద్యాలు ఒక దళితకవివి. రాజు కాటికాపరి కావడం చూసి ప్రేక్షకులు కంటతడి పెడతారు. అయితే అక్కడి కరుణరసానికి పునాది ఏమిటి? చండాలునికి దాసుడు కావడం మనిషికి పట్టగల అధోగతిలో చివరిదని అందరూ ముందే అంగీకరించి ఉండటమే. వీరబాహువు కులంలో పుట్టిన ప్రేక్షకుడు ఆ రాత్రి ఎవరి కోసం ఏడవాలి? విజయభారతి చూపిన దారిలో చదివితే ఈ ప్రశ్న తప్పదు.

భీమన్న కథలో తన వాళ్ళ స్థానాన్ని వెతికారు. విజయభారతి ఆ కథ ఎవరికి ఉపయోగపడిందని వెతికారు. మొదటిది ఆర్తప్రశ్నగా మన్నింపుకు లోబడుతుంది. రెండవది ప్రలాపం కాదు, పరిశోధన. ఇది సమాధానం కోరుతుంది గాని క్షమ కోరదు. పాపమన్న మాట ఎక్కువగా ఈ రెండవ మార్గం మీదనే పడటానికి కారణం ఇదే. దైవానికి ఏదో హాని జరిగిందని కాదు, తీర్పు చెప్పే పీఠం కదిలిందని.

6. విమర్శకు ఉన్న బాధ్యత

దీనిని బట్టి విమర్శ అంతా నిర్దోషమని చెప్పలేము. గ్రంథం చదవకుండా గ్రంథాన్ని, మనుషులను ఎరుగకుండా మనుషులను దూషించడం విమర్శ కాదు. భీమన్న, విజయభారతి ఇద్దరూ మూలాలను లోతుగా చదివి మాట్లాడారు. మరొక నియమం కూడా ఉంది. ఎదుటి మతానికి వేసే ప్రశ్నను తన సమాజానికీ వేయాలి. మద్దూరి నగేశ్‌బాబు ‘నరలోక ప్రార్థన’లో దళిత క్రైస్తవ జీవితం నుంచి, షాజహానా ‘నఖాబ్’లో ముస్లిం స్త్రీ జీవితం నుంచి ప్రశ్నలు వచ్చాయి. ‘మనవాళ్ళ పరువు బజారున పెట్టడం’ అన్న నింద ఏ మతంలోనైనా ఒక్కలాగే వినిపిస్తుంది. పరువు, ధర్మం ఒకటి కావు. పరువు దాచడం వల్ల నిలుస్తుంది, ధర్మం విచారణ వల్ల నిలుస్తుంది.

7. ముగింపు

నేడు మా జిల్లా పేరు డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. 2022 మే 24న ఆ పేరును వ్యతిరేకిస్తూ అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు మంటల పాలయ్యాయి. అది పేరు మీద సాగిన వివాదమే తప్ప మతవిమర్శ మీద సాగినది కాదు. అయినా తెలుగు బోధకుడిగా నాకు తోచేది ఒకటుంది. పేరు బోర్డుల మీదికి వచ్చింది గాని, ఆ పేరుగల వ్యక్తి వేసిన ప్రశ్న, దానిని ఈ నేల మీద పుట్టిన కవే తెలుగులోకి తెచ్చినా, తరగతి గదిలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

ఇందులో నా భాగం కూడా ఉంది. నేను భీమన్నను పాఠంగా చెప్పాను, విజయభారతిని చెప్పలేదు. మన్నింపుకు లోబడే ప్రశ్నను ఎంచుకుని, సమాధానం కోరే ప్రశ్నను పక్కన పెట్టాను. ఆ విద్యార్థినికి ఇవ్వవలసిన సమాధానం ఇప్పుడు ఇలా చెప్పగలను: తనను బాధించిన దానిని చదివి, తెలుసుకుని అడగడం పాపం కాదు. ఆ ప్రశ్న విన్న తరువాత కూడా ‘మన’ అన్న మాటలో ఆమెకు చోటు ఇవ్వకుండా, పాపభారం మాత్రం ఆమె మీద మోపడమే ఆలోచించవలసిన దోషం. వచ్చే విద్యాసంవత్సరం ‘రాగవాసిష్ఠం’ పక్కన ‘సత్యహరిశ్చంద్రుడు’ను కూడా ఉంచి చదివించాలన్నది ఈ పరిశీలన నాకు నేర్పిన మొదటి పని.