చారిత్రక నవల, జీవిత చరిత్ర: కొరాపుట్, రాయగడ తెలుగు పాఠకుడు

1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి తన గ్రంథమాలలో మొదట ప్రకటించినది ఆంధ్రరాజుల చరిత్రము కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. 1809లో కొయ్యదుంగల గుడిసెలో జన్మించిన పేద రైతుబిడ్డ దేశాధ్యక్షుడై బానిసలకు విముక్తిని ప్రకటించిన కథ అది. పరాధీనులైన తెలుగువారికి ఆనాడు ఆ కథ ఏల కావలసివచ్చెనో ఊహించుట కష్టము కాదు. ఆ గ్రంథకర్తయే 1908లో రాజద్రోహ నేరముపై కారాగారమున కేగెను.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడువరకు కొరాపుట్ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. రాయగడ 1992లో ప్రత్యేక జిల్లా యైనది. ఇచ్చటి తెలుగు యువకునికి చరిత్రపై ఆసక్తి కలిగింప నెంచు పెద్దలు సాధారణముగా అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'ని, నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'ని చేతికిత్తురు. అది యుక్తమే. భాషాభిమానమును, పూర్వవైభవ స్మృతిని ఆ నవలలు నిలుపును. కాని రెండింటికిని కేంద్రము ఓరుగంటి సింహాసనము. తాను నివసించు కొండల గతమును తెలిసికొనుటకు పాఠకునికి అవి చాలవు.

లింకను విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమలులోనికి వచ్చెను. జయపురం సంస్థానమున ఆంగ్లప్రభుత్వము నేరుగా పాలన నారంభించినదియు ఆ సంవత్సరముననే. ఐనను ఈ కొండలలో 'గొత్తి' అను అప్పు బానిసత్వము తొలగలేదు. దేశమంతటికి వర్తించు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో గాని రాలేదు. లింకను చరిత్రమును చదివి కన్నీరు పెట్టిన పాఠకుడు తన ఊరి కొండవాలున పనిచేయు గొత్తివానిని చూడకున్నచో, ఆ చదువు సగమే ఫలించినదని చెప్పవలెను.

ఆ లోపమును తీర్చు నవల ఒడియాలో కలదు. కొరాపుట్‌లో ప్రభుత్వోద్యోగము చేసిన గోపీనాథ మహంతి 1945లో 'పరజా'ను ప్రకటించెను. అడవిలో చెట్లు కొట్టినందుకు జరిమానా, జరిమానాకై అప్పు, అప్పునకై గొత్తి. ఈ క్రమమున సుక్రు జానీ కుటుంబము కూలిపోవును. రచనాకాలమున అది సమకాలిక నవలయే. నేడు చారిత్రక సాక్ష్యము. ఒడియాలో విద్యనభ్యసించు ఇచ్చటి తెలుగు బిడ్డలకు అది సులభముగా అందును. మైదానములనుండి కొండ కెక్కిన వర్తకులలో తెలుగువారును కలరు గనుక, దానిని చదువుట వారికి సుఖకరము కాదు. అందుచేతనే అది అవశ్యపఠనీయము.

జీవిత చరిత్రలకును ఈ కొలతయే వర్తించును. జయపురం మహారాజు విక్రమదేవవర్మ (1869-1951) విద్వాంసుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలొసగిన దాత. ఆ దానమును కీర్తించుట న్యాయమే. కాని ఆ లక్ష యే కొండల శిస్తునుండి వచ్చెనో చెప్పని చరిత్రము ప్రశస్తి యగును గాని జీవిత చరిత్ర కానేరదు.

లక్ష్మణ నాయక్ విషయమున మరియొక జాగ్రత్త వలయును. 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు ఠాణా యెదుట కాల్పులలో ప్రజలు మరణించిరి. అటవీ రక్షకుడొకడును మరణించెను. ఆ హత్యానేరముపైననే నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం చెరసాలలో ఉరితీసిరి. అతనిని వీరునిగా నిలుపుటకు రక్షకుని మరణమును దాచనక్కరలేదు. విచారణ యెట్లు జరిగెను, సాక్ష్యమెంత నమ్మదగినది అని పరిశీలించు గ్రంథమే ఆ వీరునికి న్యాయము చేయగలదు.

కావున పాఠకునికి సూచింపదగిన క్రమమిది: మొదట లింకను చరిత్రము, పిదప ఓరుగంటి నవలలు, ఆ వెంటనే 'పరజా'. మొదటిది స్వేచ్ఛ విలువను తెలుపును. రెండవవి తన జాతి ఘనతను తెలుపును. మూడవది తాను పొరుగువానికి పడిన ఋణమును తెలుపును. ఈ మూడవదానిని విడిచి మొదటి రెండింటితో తృప్తిపడు చదువు చరిత్రాధ్యయనము కాజాలదు.