ప్రమాణ గ్రంథములు ఎవరివి?

సివిల్ ఇంజనీరింగు చదువు విద్యార్థి మూడవ సంవత్సరములో అడుగిడునప్పటికి అతని చేతికి ఒక గ్రంథము వచ్చి తీరును. దానిని కొన్నవారు అరుదు. పై తరగతివారి నుండి క్రింది తరగతివారికి, ఒకప్పుడు జిరాక్సు ప్రతిగాను, నేడు అంతర్జాలము మీద పీడీఎఫ్‌గాను చేతులు మారుచుండు ఆ గ్రంథము ఐ.ఎస్. 456. కాంక్రీటు కట్టడములకు భారతదేశమంతట ప్రమాణమైన నియమావళి ఇది. 1953లో మొదట వెలువడి, 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో సవరింపబడినది. చదువు ముగిసి ఉద్యోగములో చేరిన పిదపను ఇంజనీర్లు ఇట్టి గ్రంథములను వందలకొలది ఒకరికొకరు పంపుకొనుచునే యుందురు. ఇందులో తప్పున్నదని కొందరును, లేదని కొందరును వాదింతురు. ఇరుపక్షముల వాదములోను పరీక్షింపవలసిన లోపములున్నవి.

మొదట ప్రమాణమనగా ఏమో చూడవలెను. త్రాగునీటికి ఐ.ఎస్. 10500 అను ప్రమాణమున్నది. దాని 2012 ప్రతిలో లీటరు నీటికి ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము వరకు అంగీకరింపబడినది. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చునన్నారు. నల్లగొండ ప్రాంతము వారికి ఈ అంకె ఎముకలకు సంబంధించిన మాట. మరి ఈ అంకెను తరగతిలో నల్లబల్ల మీద వ్రాసిన ఉపాధ్యాయుడు కాపీరైటును అతిక్రమించినట్లా? కాదు. భావమునకు, వాస్తవమునకు కాపీరైటు లేదు. వానిని చెప్పిన వాక్యరూపమునకే కలదు. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఒక నాటకమును గూర్చి తీర్పు చెప్పుచు ఈ భేదమును స్పష్టపరచినది.

కాని ఇంజనీరునకు ఈ భేదము అంతగా ఉపకరింపదు. ప్రమాణ గ్రంథములో “చేయవలెను” అనుటకును, “చేయుట మంచిది” అనుటకును చాల దూరమున్నది. మొదటిది విధి, రెండవది సలహా. పట్టిక అడుగున చిన్న అక్షరములలోనున్న గమనిక ఒక్కొక్కప్పుడు పట్టికనే మార్చివేయును. అందుచేత సారాంశము తెలిసిన చాలదు, మూలవాక్యమే కావలయును. కాపీరైటు కాపాడునది సరిగా ఆ మూలవాక్యమునే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

భారతీయ ప్రమాణాల బ్యూరో చట్టము, 2016లోని 11వ సెక్షను, బ్యూరో అనుమతి లేనిదే ఏ ప్రమాణమునుగాని, అందలి భాగమునుగాని ప్రకటింపరాదని నిషేధించుచున్నది. సొంత ఉపయోగమునకు ఒక ప్రతి తీసికొనుటకు మాత్రము ఆటంకము లేదు. సొంతమునకు తీసికొన్న ప్రతిని నూరుగురికి పంపినచో అది సొంత ఉపయోగమగునా? కాదనక తప్పదు.

ఈ నిషేధమును బహిరంగముగా ఎదిరించినవాడు అమెరికా దేశీయుడగు కార్ల్ మాలముడ్. భారతీయ ప్రమాణములను డబ్బిచ్చి కొని, వేలకొలదిగా అంతర్జాలములో ఉంచెను. కొన్నింటిని మరల టైపు చేయించి, బొమ్మలను తిరిగి గీయించెను. 2015లో సుశాంత్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి గార్లతో కలిసి ఢిల్లీ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము వేసెను. ఆయన ప్రతుల ముందు పుటలో భర్తృహరి పేరును కనబడును. విద్య దొంగలకు దక్కని ధనమన్న సుభాషితమును కాపీరైటు వివాదములో వాడుట చమత్కారముగనే యున్నది. ప్రతిపక్షము వారు కూడ దానినే తమకు అనుకూలముగా చెప్పుకొనవచ్చును!

మాలముడ్, శామ్ పిట్రోడా కలిసి 2018లో “కోడ్ స్వరాజ్” అను ఇంగ్లీషు గ్రంథమును ప్రకటించిరి. తమ హక్కులను వారే వదలుకొనిరి గనుక దానిని ఎవరైనను పంచుకొనవచ్చును. ఉపన్యాసముల సంకలనమగుటచే వాదము ఒక వరుసలో నడవదు. అయినను అందలి ప్రధాన వాదము బలమైనది: పాటింపకున్నచో శిక్షింపబడు నియమమును చదువుటకు వెలయిమ్మనుట న్యాయము కాదు. ఇతర దేశముల న్యాయస్థానములును క్రమముగా ఈ దారికే వచ్చినవి. టెక్సాసు రాష్ట్రములో పీటర్ వీక్ అను నతడు 72 డాలర్లకు కొన్న గృహనిర్మాణ నియమావళిని, రెండు చిన్న పట్టణముల చట్టముగా తన వెబ్‌సైటులో పెట్టగా, చట్టమైన వాక్యమునకు కాపీరైటు చెల్లదని 2002లో అప్పీలు కోర్టు చెప్పినది. 2024 మార్చిలో ఐరోపా న్యాయస్థానము బొమ్మల భద్రతా ప్రమాణములను ప్రజలకు తెరచి చూపవలసినదేయని తీర్పిచ్చినది.

ఐతే ఈ తీర్పులను చూపి అన్ని గ్రంథములను పంచుట ధర్మమనువారు పొరబడుచున్నారు. ప్రమాణము చట్టముతో ముడిపడినది. ఒక ఆచార్యుడు పదేండ్లు శ్రమించి వ్రాసిన పాఠ్యగ్రంథముగాని, ఒక ప్రచురణకర్త కూర్చిన చేతిపుస్తకముగాని చట్టము కాదు. దానిని కొనలేనివారి కష్టము నిజమే. గ్రంథాలయములు పెరుగవలెననుట అందుకు తగిన మాట. మాలముడ్ వాదము దానికి చాలదు. “సత్యాగ్రహము” అన్న మాటయు ఇట్లే ఎరువు తెచ్చుకొనబడుచున్నది. ఆయన తన పేరు చెప్పి, కొన్న ప్రతులకు వెలయిచ్చి, కోర్టు మెట్లెక్కెను. పేరు లేని ప్రతిని వాట్సాప్ బృందములో పడవేసి ఊరకుండువానికి ఆ మాట తగదు.

చాటుగా తిరుగు ప్రతికి మరియొక దోషము కలదు. దీనిని గూర్చి తగినంత చర్చ జరుగుట లేదు. అది ఎప్పటి ప్రతియో చెప్పువారుండరు. ఐ.ఎస్. 456 యొక్క 1978 ప్రతిలో ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటునకు ఎం 15 తరగతి చాలునన్నారు. అనగా ఆ కాంక్రీటుతో పోసిన 15 సెంటీమీటర్ల ఘనము 28 దినముల పిమ్మట చదరపు మిల్లీమీటరునకు 15 న్యూటనుల ఒత్తిడికి ఓర్చవలెను. 2000 ప్రతిలో ఎం 20కి తగ్గరాదన్నారు. 1978లో పరిసరముల తీవ్రతను బట్టి మూడే తరగతులుండగా 2000లో అవి ఐదైనవి. సముద్రతీరపు గాలికి గురియగు కాంక్రీటు “తీవ్ర” తరగతిలోనిది. దానికి ఎం 30 కాంక్రీటును, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరును ఉండవలెను. ఉప్పుగాలిలోని క్లోరైడు కవరు గుండా లోనికి ప్రాకి కడ్డీని త్రుప్పు పట్టించును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గనుక కాంక్రీటు లోపలినుండియే పగులును. మచిలీపట్నములో ఇల్లు కట్టువాని చేతిలో 1978 నాటి పీడీఎఫ్ ఉన్నచో నష్టపోవునది కాపీరైటు యజమాని కాదు. ప్రధాన గ్రంథము వెలువడిన పిదప విడిగా వచ్చు సవరణ కాగితములు ఇట్టి ప్రతులలో చేరుట మరియు అరుదు.

కావున అసలు విమర్శ బ్యూరోకే తగులును. సరియైన ప్రతి సులభముగా దొరకనప్పుడే తప్పు ప్రతి తిరుగును. గ్రంథములమ్మిననే గాని సంస్థ నడవదన్న వాదము అమెరికాలోని ప్రైవేటు సంఘములకు కొంత చెల్లునేమో. మన బ్యూరోకు ఆదాయములో అధికభాగము ఐ.ఎస్.ఐ. గుర్తు వంటి ధ్రువీకరణ రుసుముల వలన వచ్చుచున్నది. తరువాతి సంవత్సరములలో బ్యూరో పేరు నమోదు చేసికొన్నవారికి భారతీయ ప్రమాణములను ఉచితముగా ఇయ్యసాగినది. ఇది ఆలస్యముగా జరిగినను మెచ్చదగిన పని. అంతర్జాతీయ సంస్థల నుండి గ్రహించిన ప్రమాణములకు మాత్రము ఈ సౌకర్యము వర్తింపలేదు.

ఉచిత ప్రతులలో పుటపుటకును దించుకొన్నవాని పేరు, వ్యాపారమునకు వాడరాదను షరతు అచ్చువేయబడి యుండును. ఇంతకును ఐ.ఎస్. 456 ఇంగ్లీషు గ్రంథము. కాకినాడలో స్లాబు వేయు మేస్త్రీకి 45 మిల్లీమీటర్ల సంగతి చెప్పవలసినవాడు సైటు ఇంజనీరే. ఆ నియమములను ఉన్నవున్నట్లు తెలుగులోనికి మార్చి, అచ్చువేసి మేస్త్రీలకు పంచదలచిన సంఘము బ్యూరో అనుమతిని వేరుగా కోరవలసియే యుండును. ఉచితముగా దించుకొన్న ప్రతి ఆ అనుమతి కాదు.