విసురు వల, బొత్తాల చొక్కా

విసురు వల పనితనమంతా అంచున గుచ్చిన సీసం గుళ్లలో ఉంటుంది. తాడు ఉచ్చు మణికట్టుకు తగిలించుకుని, వలను మడతలుగా కూర్చి, కొంత మోచేతి మీద, కొంత గుప్పిట్లో పట్టి, నడుము తిప్పుతూ వదలాలి. గాలిలోనే గుండ్రంగా విచ్చుకోవాలి. గుళ్లన్నీ ఒక్కసారే నీళ్లలో దిగాలి. ఒక పక్క ముందు పడితే చేప రెండో పక్క నుంచి జారుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా భావనపాడు మొగ దగ్గర పెద్దవాళ్లు వల విసురుతుంటే ఎంతసేపైనా చూస్తాను. ఈ తీరంలో అంత అందమైన పని మరొకటి లేదు.

మొన్న హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ‘తండేల్’ సినిమా చూశాడు, ఫోనులో వల విసిరే వీడియోలూ చూశాడు. టెక్కలి దాటగానే, "మావయ్యా, పులుసుకి చింతపండు నానబెట్టమని అత్తకి ఫోన్ చెయ్" అన్నాడు. నౌపడ ఉప్పు మళ్లు వచ్చేసరికి పులుసుకి వేపుడు కూడా తోడైంది.

మొగ దగ్గర మాకు వల ఇచ్చిన తాత వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"బావూ, ఆ సొక్కా ఇప్పీ. వాచీ కూడా తీసీ."

మావాడు వాచీ మాత్రం తీశాడు.

"ఇసరడం ఆనక. ముందల నీరు సూడు. పోటు ఇంకా రానేదు."

అప్పటికే మావాడు మోకాలి లోతులో ఉన్నాడు.

వల బాగానే లేచింది. ఒక్క కన్ను మాత్రం చొక్కా బొత్తానికి తగులుకుంది. గుళ్ల బరువుకి వల వెంట చొక్కా, చొక్కా వెంట మావాడు నీళ్లలో బోర్లా పడ్డాడు. లేచేసరికి మెడ చుట్టూ వల, ముక్కులో ఉప్పునీరు, వలలో ఒక పీత. "బావుకి పీత పడింది!" అని ఒడ్డున గంపల దగ్గరున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది మావాడే.

లోతు నీళ్లలో అదే జరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఉచ్చు చేతికే ఉంటుంది కదా! తాత చొక్కా విప్పమన్నది అందుకే. మావాడు చొక్కా విప్పి ఆయన పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. పోటు ఎక్కింది. తాత గాలిని వీపుకి పెట్టుకుని, నీటి మీద చిన్న కదలిక కనిపించేదాకా ఆగి, విసిరాడు. లాగడంలోనూ తొందరలేదు. గుళ్లు అడుగున ఒకచోట చేరేదాకా వలను పైకెత్తలేదు. చిన్న చేపలే పడ్డాయి గానీ కూరకి సరిపడా పడ్డాయి.

193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా మనది. అయినా మన కుర్రాళ్లు కూలికి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తున్నారు. 2018 నవంబరులో అలా వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లే. 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. మావాడు చూసిన సినిమాకి ఆధారం వాళ్ల కథే. కుర్రాళ్లు అటు పోతుంటే ఈ మొగ దగ్గర తాత పక్కన నిలబడి నేర్చుకునేదెవరు?

బారువకో భావనపాడుకో వెళ్లి వల పట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. బొత్తాల్లేని బనియను వేసుకోండి. పోటు వేళ అక్కడివాళ్లనే అడగండి. నేర్పిన పెద్దాయనకు ఆ పూట కూలి లెక్కకట్టి ఇవ్వండి.