పల్లె వార్త ఖర్చు ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లలో నల్గొండ జిల్లావాళ్లం చాలామందిమి. మూసారాంబాగ్‌లో మా వీధిలోనూ అంతే. పొద్దున ఇంటికొచ్చేది సిటీ ఎడిషన్. అందులో మా ఊళ్లుండవు. అందుకని ఫోన్‌లో నల్గొండ పేజీలు తెరుస్తాం. ఎవరు పోయారు, ఏ చెరువు నిండింది, ఏ బడిలో సార్లు లేరు... అవి చూశాకే మిగతా ప్రపంచం.

ఆ పేజీలకు నేనూ కొన్నేళ్లు మండలం నుంచి రాశాను. కాగితానికి ఒకవైపే రాయాలి. పేర్లు, ఇంటిపేర్లు విడివిడిగా, పెద్దగా రాయాలి. కవర్ అంటించి, పైన ‘ప్రెస్, అర్జెంట్’ అని రాసి, బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు డ్రైవరన్న చేతిలో పెట్టేవాళ్లం. ఆఖరి బస్సు వెళ్లిపోతే ఆ రోజు మా మండలంలో ఏమీ జరగనట్టే. మర్నాడు హోటల్ బల్ల మీద పేపర్ పరిచి, ఊరివాళ్లు తమ ఊరి పేరు మీద వేలు పెట్టి చదువుతుంటే పడ్డ కష్టం మర్చిపోయేవాణ్ని.

డబ్బులేమో లైన్ అకౌంట్ లెక్కన వచ్చేవి. అచ్చయిన వార్త ఎంత పొడవుంటే అంత. ఫోటోలు కడిగించడానికే చాలేవి కావు. పైగా పంద్రాగస్టుకు, సంక్రాంతికి యాడ్స్ తేవాలి. ఇవాళ యాడ్ ఇచ్చిన సర్పంచ్ మీద రేపు వార్త రాయాలి. విలేకరులు చెడిపోయారని తిట్టేవాళ్లు ఈ ముడి ఎవరు వేశారో కూడా అడగాలి.

పల్లె వార్తకు సొంత డబ్బు పెట్టడం మాతో మొదలవలేదు. 1922లో, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ తెచ్చారు. అదే ఏడాది ఇనుగుర్తిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు ‘తెనుగు పత్రిక’ పెట్టారు. ఇనుగుర్తి ఇప్పటికీ పల్లెటూరే. అలాంటి చోట సొంతంగా ప్రెస్సు పెట్టి వారపత్రిక నడిపారు. రెండు పత్రికలూ కొన్నేళ్లకే ఆగిపోయాయి.

1989లో ‘ఈనాడు’ జిల్లా పత్రికలు తెచ్చింది. అది పెద్ద మలుపే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు ఊరూరికీ పాకడంలో జిల్లా పేజీల పాత్ర ఉంది. 1993 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అయినా నేను ఇనుగుర్తి అన్నదమ్ములకే మొదటి పీట వేస్తాను. ఏది వార్తో తేల్చే మనిషి అక్కడ ఊళ్లోనే ఉన్నాడు. మా రోజుల్లో ఆ మనిషి బస్సు దిగే చోట ఉండేవాడు.

ఇప్పుడు కవర్లు లేవు, వాట్సాప్‌లో క్షణంలో చేరుతుంది. కరోనా తర్వాత పేజీలు మాత్రం తగ్గాయి. మా మండలంలో నా తర్వాత రాస్తున్న తమ్ముడు జిరాక్స్ షాపు నడుపుకుంటాడు. ఫ్లోరైడ్ పీడించే మా ప్రాంతంలో ఒక ఊరి మంచినీళ్ల ప్లాంటు ఆగిపోతే, బాగయ్యేదాకా బండి మీద తిరిగి మళ్లీ మళ్లీ రాశాడు. పెట్రోలు అతనిదే. ఏ పత్రికైనా సరే, అలాంటివాళ్లకు అంగుళాల లెక్క మాని నెలజీతం ఇవ్వాలి. యాడ్స్ పని వాళ్ల నెత్తి మీంచి తీసేయాలి.