తొట్టె కడిగాక చేప నీరసిస్తే

ఆదివారం తీరిక దొరగ్గానే చేపలను బకెట్లోకి తీసి, తొట్టెలో నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లను కుళాయి కింద తెల్లగా తోమి, ఫిల్టరు స్పాంజిని మురికి పోయేదాకా పిండి, కొత్త నీళ్లు పట్టి చేపలను మళ్లీ వదులుతారు. అద్దం తళతళలాడుతుంది. రెండు రోజులు తిరక్కముందే గోల్డ్ ఫిష్ రెక్కలు ముడుచుకుని అడుగున ఒరిగిపోతుంది, లేదా పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది. షాపుకు పరుగెత్తి నీలం మందు తెచ్చి పోస్తారు. చాలా ఇళ్లలో చేపల ముచ్చట అక్కడితో ఆగిపోతుంది.

ఈ పనిలో తలపండినవాళ్లు మందు సీసా జోలికి వెంటనే పోరు. ముందు అడిగేది ఒకటే: కడిగిన ఎంతసేపటికి మొదలైంది? నేను నేర్చుకున్న చేపల పెంపకంలో ఇంతకంటే విలువైన ప్రశ్న లేదు. నిమిషాల్లోనో గంటల్లోనో చేప గిలగిలలాడితే అనుమానించాల్సింది క్లోరిన్‌ని, లేదా నీటి వేడిలో, ఆమ్లతలో వచ్చిన హఠాత్తు మార్పుని. ఒకటి రెండు రోజులు ఆగి నీరసిస్తే అమ్మోనియా. వారం దాటాక ఊపిరాడక పైకి వస్తే నైట్రైట్. తెల్ల చుక్కలు కనిపిస్తే అది బలహీనపడిన ఒంటి మీద దాడి చేసిన పరాన్నజీవి. కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది. అన్నిటికీ ఒకే నీలం మందు పోయడం వైద్యం కాదు.

చేప తన వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతుంది. స్పాంజి మీద, గులకరాళ్ల మీద జిగురు పొరలా పట్టుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి బ్యాక్టీరియా దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. నేలలో ఈ మార్పు చేసే సూక్ష్మజీవులను వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే వేరుచేసి చూపించాడు. ఇవి బద్ధకంగా పెరిగే జీవులు. మామూలు బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపైతే వీటికి అర రోజో, రోజో పడుతుంది. కొత్త తొట్టెలో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. క్లోరిన్ కలిసిన కుళాయి నీటి కింద స్పాంజిని పిండినప్పుడు మనం కడిగేసేది మురికినే కాదు, ఆ వారాల శ్రమను కూడా.

మరో చిక్కుంది. నెలల తరబడి మార్చని నీరు మెల్లగా ఆమ్లంగా మారుతుంది. ఆమ్ల నీటిలో అమ్మోనియా చాలావరకు విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఆ పాత నీరు కొంత మిగిలి ఉండగా మన ఊళ్ల బోరు నీళ్లలాంటి క్షార గుణమున్న నీటిని ఒక్కసారిగా పోస్తే ఆ అమ్మోనియం అప్పటికప్పుడు విషరూపం దాలుస్తుంది. పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే ఆ విషభాగం దాదాపు పదింతలవుతుంది. శుభ్రమైన నీళ్లలో చేప చావడం వెనుక రహస్యం కొన్నిసార్లు ఇదే.

చేప నీరసించిందని చూడగానే మొదట గాలి పెంచాలి. ఎయిర్ పంపును పూర్తి జోరుగా తిప్పి, నీటి పైభాగం కదిలేలా చూడాలి. ఇరవై డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, ముప్పై డిగ్రీల్లో 7.5 దగ్గరే ఆగిపోతుంది. మన వేసవిలో తొట్టె నీరు ముప్పై దాటడం మామూలే. కైకలూరు, భీమవరం వైపు చెరువు రైతులకు తెల్లవారుజామున చేప పైకి తేలితే దాని అర్థమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు ఏరేటరు వేస్తారు, మిగతా సంగతి తర్వాత.

తొట్టెలో దీపం ఆర్పేయాలి. మేత రెండు మూడు రోజులు పూర్తిగా మానేయాలి. ఆరోగ్యంగా ఎదిగిన చేపకు ఆ ఉపవాసం ఏమీ చేయదు, నీటిలో అమ్మోనియా మాత్రం తగ్గుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ నియమం నిలబెట్టడం కష్టం, అయినా నిలబెట్టాలి.

క్లోరిన్ అనుమానం ఉంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కొన్ని స్ఫటికాలు వేస్తే నిమిషాల్లో విరిగిపోతుంది. ఒకప్పుడు నలుపు తెలుపు ఫొటోలు కడిగిన హైపో ఇదే. మన తీరంలోని రొయ్య హేచరీలు క్లోరిన్‌తో శుద్ధి చేసిన సముద్రపు నీటిని మళ్లీ వాడదగ్గట్టు చేసేదీ దీంతోనే. షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే చుక్కల మందులోనూ తరచు ఉండేది ఇదే. కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచినా క్లోరిన్ పోతుంది, క్లోరమైన్ అయితే పోదు. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండవచ్చు. దాన్ని రాత్రంతా గాలి పంపు పెట్టి ఉంచాకే వాడాలి.

అమ్మోనియాకు మందు నీరే. రోజుకు పావువంతు చొప్పున, అదే వేడి ఉన్న నీటితో మార్చాలి. తొందరపడి మొత్తం మార్చితే మొదటి తప్పే మళ్లీ జరుగుతుంది.

చేపల పెంపకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మందు కల్లుప్పు. లీటరు నీటికి ఒక గ్రాము, ముందే కరిగించి, కొంచెం కొంచెంగా పోయాలి. మంచినీటి చేప రక్తంలో ఉప్పు బయటి నీటికంటే ఎంతో ఎక్కువ. అందుకే నీరు మొప్పల గుండా లోపలికి చొరబడుతూ, లవణాలు బయటికి జారుతూ ఉంటాయి. జబ్బు చేపకు ఈ పోరు మరీ భారం, ఉప్పు దాన్ని తేలిక చేస్తుంది. నైట్రైట్ విషయంలో అది చేసే మేలు మరీ స్పష్టం: క్లోరైడ్ ఎక్కువగా ఉంటే మొప్పలు నైట్రైట్‌ను లోపలికి తీసుకోవడం తగ్గుతుంది. నైట్రైట్ రక్తంలో చేరితే ప్రాణవాయువును మోసే శక్తి పోయి, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. ఎంత గాలి పెట్టినా అప్పుడు చేపకు ఊపిరాడదు. నీటి మొక్కలున్న తొట్టెలో, పొలుసుల్లేని జాతుల దగ్గర మాత్రం ఉప్పు విషయంలో జాగ్రత్త పడాలి.

చనిపోయిన బ్యాక్టీరియాను తిరిగి తెచ్చే దారి, బాగా నడుస్తున్న మరో తొట్టె నుంచి పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి మన ఫిల్టరులో పెట్టడం. పాలకు తోడు వేసినట్టే ఇది. తోడు దొరికిన తొట్టె వారాల పని రోజుల్లో ముగిస్తుంది. ఇచ్చేవాళ్లకు పోయేదేమీ ఉండదు. అయితే జబ్బున్న తొట్టె నుంచి తేకూడదు. నీలం మందూ, యాంటీబయాటిక్‌లూ ఈ బ్యాక్టీరియాకే చేటు చేస్తాయి కాబట్టి తప్పనిసరైతే వాటిని వేరే చిన్న తొట్టెలో, జబ్బు చేపకు మాత్రమే వాడాలి.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు తొట్టెలో గోల్డ్ ఫిష్‌తో పాటు నీటి మొక్కను, కుళ్లిన ఆకులు తినే నత్తలను ఉంచి, ప్రాణులు ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో రాసి చూపించాడు. ఇళ్లలో చేపల పెంపకానికి ఆధారంగా నిలిచిన ఆలోచనల్లో అదొకటి. తొట్టెను పాత్రలా కడగకూడదని మన పెద్ద పెంపకందారులు చెప్పేది దానికి కొనసాగింపే.

వచ్చే ఆదివారం తొట్టె ముందు కూర్చున్నప్పుడు పావువంతు నీరు మాత్రమే తీయండి. తీసిన ఆ నీటిలోనే స్పాంజిని రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. గులకరాళ్ల జోలికి మరో వారం వెళ్లండి, అదీ ఒక మూల మాత్రమే.